బానిసకు బుద్ధి లేదని అరిస్టాటిల్ నిజంగా అన్నాడా?

పోటీ పరీక్షల కోసం మీరు చదివిన తెలుగు పుస్తకంలో "బానిసలకు బుద్ధి ఉండదు, అందువల్ల బానిసత్వం సహజమని అరిస్టాటిల్ అభిప్రాయం" అని ఒక్క వాక్యంలో తేల్చేశారని రాశారు. ఆయన నిజంగా అలాగే అన్నాడా, మనిషిని మిగతా ప్రాణుల నుంచి వేరు చేసేది బుద్ధేనని చెప్పినవాడు ఆ మాట ఎలా అనగలిగాడు, అప్పట్లో కాదన్నవాళ్లు ఎవరూ లేరా, చివరికి "ఆ కాలం అలాంటిది" అని సరిపెట్టుకోవాలా అని అడిగారు. డిగ్రీ కళాశాలలో తెలుగు మాధ్యమం విద్యార్థులకు రాజనీతి తత్త్వశాస్త్రం ఇరవై ఎనిమిదేళ్లు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు. కాని మొదటి పదేళ్లూ నేను కూడా ఆ ఒక్క వాక్యాన్నే తరగతిలో రాయించానని ముందుగా ఒప్పుకోవాలి.

సూటిగా చెప్పాలంటే, బానిసకు బుద్ధి లేదని అరిస్టాటిల్ అనలేదు. ఎదుటివారు చెప్పిన బుద్ధి బానిసకు అర్థమవుతుందని, కాని తనంతట తాను మంచిచెడ్డలు బేరీజు వేసుకొని ఒక నిర్ణయానికి వచ్చే శక్తి అతనికి లేదని అన్నాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని ఆయన వాదం మొత్తం దీని మీదే నిలబడాలి. అది నిలబడలేదని నా అభిప్రాయం. పైగా దాన్ని పడగొట్టే ఆధారాలు బయటినుంచి తేనక్కరలేదు, ఆయన రాసిన 'పాలిటిక్స్'లోనే దొరుకుతాయి. ఆ రోజుల్లో కాదన్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల సంగతి మనకు తెలిసినది ముఖ్యంగా ఆయన చెప్పడం వల్లనే. అందువల్ల కాలం మీదికి నెట్టేయడం కుదరదు.

ఈ తేడా చెప్పడానికి మన భాషలోనే ఒక సౌకర్యం ఉంది. తెలుగులో "బుద్ధి" అనే మాటకు రెండు ముఖాలు. "వాడికి సొంత బుద్ధి లేదు" అన్నప్పుడు తానుగా ఆలోచించే శక్తి గురించి మాట్లాడుతున్నాం. "బుద్ధిగా కూర్చో" అన్నప్పుడు పెద్దలు చెప్పినట్టు వినమంటున్నాం. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ('నికోమేకియన్ ఎథిక్స్') ఆత్మలోని బుద్ధి భాగాన్ని దాదాపు ఇలాగే విడదీశాడు. ఒకటి తనలో తానే బుద్ధి కలది, రెండోది తండ్రి మాట విన్నట్టుగా బుద్ధి మాట వినేది. అక్కడ అది ఒకే మనిషి లోపల జరిగే వ్యవహారం. 'పాలిటిక్స్' మొదటి భాగానికి వచ్చేసరికి ఆ రెండు ముక్కలనూ ఇద్దరు మనుషులకు పంచిపెట్టాడు. నిర్ణయించే బుద్ధి యజమానికి, వినే బుద్ధి బానిసకు. నా దృష్టిలో అసలు చిక్కు మొదలైనది ఇక్కడే.

ఇప్పుడు ఆయన మాటలు వరసగా చూద్దాం. నాలుగో అధ్యాయంలో గృహానికి కావలసిన పనిముట్ల గురించి మాట్లాడుతూ, కొన్ని పనిముట్లకు ప్రాణం ఉండదు, కొన్నింటికి ఉంటుంది, బానిస ప్రాణమున్న పనిముట్టు అంటాడు. పురాణ శిల్పి డెడలస్ చేసిన బొమ్మల్లాగా, కమ్మరి దేవుడు హెఫెస్టస్ చేసిన ముక్కాలి పీటల్లాగా ప్రతి పనిముట్టూ తన పని తానే చేసుకోగలిగితే, మగ్గం మీద నాడె దానంతటదే నేస్తే, యజమానులకు బానిసల అవసరమే ఉండదని కూడా అక్కడే రాశాడు. (యంత్రాల గురించి ముందే చెప్పాడని ఈ వాక్యాన్ని మెచ్చుకొనేవాళ్లు ఉన్నారు. నాకైతే, బానిసత్వం ప్రకృతి నుంచి కాక పని అవసరం నుంచి పుట్టిందని ఆయనే నోరుజారి ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.) అయిదో అధ్యాయంలో, బుద్ధిని గ్రహించగలిగేంతవరకే అందులో పాలు ఉండి, అది తన సొంతంగా లేనివాడు ప్రకృతిసిద్ధంగా బానిస అని నిర్వచిస్తాడు. పదమూడో అధ్యాయంలో దాన్నే ఇంకా పదునుగా చెబుతాడు. పర్యాలోచన శక్తి, అంటే "ఇది చేయాలా అది చేయాలా" అని తర్కించుకొనే శక్తి, బానిసకు బొత్తిగా లేదు. స్త్రీకి ఉంది గాని దానికి చెల్లుబాటు లేదు. పిల్లవాడికి ఉంది గాని ఇంకా పండలేదు. స్త్రీ విషయంలో "చెల్లుబాటు లేదు" అన్న మాట ఆమె బుద్ధి గురించిన మాటా లేక ఆమె మాట ఎవరూ లెక్కచేయరన్న లోకరీతి గురించిన మాటా అన్నది ఈనాటికీ పండితులు తెగ్గొట్టని వివాదం. అది వేరే ప్రశ్న, ఇక్కడ దాని జోలికి పోను.

ఆయనకు ఇంత నాజూకైన నిర్వచనం ఎందుకు కావలసి వచ్చిందో గమనించండి. బానిసకు బుద్ధి పూర్తిగా లేదంటే అతను ఎద్దుతో సమానం. అప్పుడు "వెళ్లి ఫలానా అంగడిలో నూనె తీసుకురా, వాడు ఎక్కువ ధర చెబితే పక్క అంగడికి వెళ్లు" అని చెప్పి పంపడం కుదరదు. బుద్ధి పూర్తిగా ఉందంటే అతణ్ణి మరొకరు ఏలడానికి కారణమే ఉండదు. ఆజ్ఞ అందుకోవడానికి సరిపోయేంత, తిరగబడి ప్రశ్నించడానికి చాలనంత బుద్ధి కావాలి. యజమానికి ఏది అనుకూలమో సరిగ్గా అంతే కొలత ప్రకృతి కొలిచి పోసిందట.

ఈ కొలత ఆయన పుస్తకంలోనే తప్పింది. పదమూడో అధ్యాయంలో పర్యాలోచన శక్తి బానిసకు బొత్తిగా లేదన్న కొద్ది వాక్యాల తర్వాతే, బానిసలతో హేతువు చెప్పి మాట్లాడకూడదు, ఆజ్ఞలే ఇవ్వాలి అనేవాళ్లు పొరపాటు పడుతున్నారని, పిల్లల కంటే కూడా బానిసలకే నచ్చజెప్పడం ఎక్కువ అవసరమని రాశాడు. ఆ చురక ప్లేటోకు. 'లాస్' అనే సంభాషణలో ప్లేటో, బానిసతో మాట్లాడే మాట దాదాపు ఎప్పుడూ ఆజ్ఞగానే ఉండాలన్నాడు. గురువును దిద్దుతూ శిష్యుడు తన నిర్వచనాన్నే కాలరాశాడన్నమాట. నచ్చజెప్పడం ఎవరికి చెబుతాం? రెండు దారులను పక్కపక్కన పెట్టుకొని చూసి, ఇది మేలు అని తేల్చుకోగలవాడికే కదా.

ఇంకొక చోటు. ఏడో అధ్యాయం చివర, స్తోమత గల యజమానులు ఇంటి పెత్తనం ఒక కార్యనిర్వాహకుడికి అప్పగించి తాము రాజకీయాల్లోనో తత్త్వచింతనలోనో గడుపుతారంటాడు. ఆ కార్యనిర్వాహకుడు ఎవరు? ఆనాటి గ్రీకు సంపన్న గృహాల్లో తరచుగా అతనూ బానిసే. సోక్రటీస్ శిష్యుడైన జెనోఫోన్ రాసిన గృహనిర్వహణ సంభాషణలో ఇస్కోమాకస్ అనే భూస్వామి తన పొలాల మీద పెట్టే బానిస పెత్తందార్లను ఎలా తయారు చేస్తాడో వివరంగా చెబుతాడు. వాళ్లకు సేద్యం మెళకువలు నేర్పిస్తాడు, కింది పనివాళ్లను అజమాయిషీ చేయడం నేర్పిస్తాడు, న్యాయంగా నడుచుకోవడం కూడా తానే నేర్పిస్తానంటాడు. యజమాని ఊళ్లో లేనప్పుడు దుక్కి ఎప్పుడు, విత్తడం ఎప్పుడు, ఎవరిని ఏ పనిలో పెట్టాలి అని రోజూ నిర్ణయించేవాడికి పర్యాలోచన శక్తి లేదంటే ఏమనుకోవాలి?

ఈ భాగం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. వాళ్ల తాత ఒక దొర దగ్గర జీతగాడు. ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టాలి, ఏ ఎద్దు డొక్కలు ఎగరేస్తోంది, ఈ ఏడు వానలు చూస్తే ఏ చెలకలో ఏం వేస్తే నిలుస్తుంది అన్నీ ఆయననే అడిగేవారట. అడిగిన నోటితోనే వచ్చినవాళ్లకు "వీడికేం తెలుసు, చెప్పింది చేస్తాడు" అనేవారట. "సార్, అరిస్టాటిల్ తప్పు తెలియక కాదు, తెలిసీ చూడలేదు" అన్నాడు ఆ అబ్బాయి. జీతగాడి బతుకూ ఏథెన్సు బానిస బతుకూ ఒకటి కావని అతనికీ తెలుసు. కాని నేను రెండు గంటలు చెప్పినదాన్ని అతను రెండు ముక్కల్లో చెప్పాడు.

ఏథెన్సులో అరిస్టాటిల్ కళ్ల ముందు ఉన్న బానిసలు ఎవరో చూస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. 1970లో అక్కడి అగోరా, అంటే పాత సంతబజారు, తవ్వకాల్లో ఒక శాసనం దొరికింది. క్రీ.పూ. 375-374 నాటి వెండి నాణేల చట్టం అది. దాని ప్రకారం నాణేలు పరీక్షించే ఉద్యోగి నగరానికి చెందిన బానిస. బజారులో సరాఫుల బల్లల మధ్య కూర్చుని, తెచ్చిన ప్రతి నాణేన్నీ చూసి మంచిదో కాదో చెప్పాలి. లోపల కంచో సీసమో ఉండి పైన వెండి పూత ఉంటే అక్కడికక్కడే నాణేన్ని కోసేయాలి. అతను మంచిదన్న నాణేన్ని వర్తకుడు తీసుకోనంటే ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకు జప్తు. స్వతంత్ర పౌరుడైన వర్తకుడి సరుకు ఒక బానిస తీర్పు మీద ఆధారపడి ఉందన్నమాట. అదే చట్టంలో మరో నిబంధన కూడా ఉంది. ఆ పరీక్షకుడు తన చోట కూర్చోకపోయినా, చట్టం ప్రకారం పరీక్షించకపోయినా 50 కొరడా దెబ్బలు. ఈ శాసనం వేసిన ఏడెనిమిదేళ్లకు, పదిహేడేళ్ల అరిస్టాటిల్ క్రీ.పూ. 367లో ఏథెన్సుకు చదువుకోవడానికి వచ్చాడు. ఆ బజారులో అతనూ నాణేలు మార్చుకొనే ఉంటాడు.

ఆ రోజుల్లోనే నగరంలో పేరుమోసిన వడ్డీవ్యాపారి ఫోర్మియోన్. అతను పాసియోన్ అనే సరాఫు దగ్గర బానిస. ఆ పాసియోన్ కూడా ఒకప్పుడు వేరే సరాఫుల దగ్గర బానిసగా ఉండి, విముక్తి పొంది, చివరికి ఏథెన్సు పౌరసత్వం సంపాదించినవాడే. అతను చనిపోతూ వ్యాపారాన్ని అప్పటికే విముక్తుడైన ఫోర్మియోన్ చేతుల్లో పెట్టి, తన భార్యను కూడా అతనికే ఇచ్చి పెళ్లి చేయమని వీలునామా రాశాడు. ఇదంతా గుట్టుగా జరిగిన వ్యవహారం కాదు, కోర్టుకెక్కింది. ఏథెన్సులోని ఎరెక్థియోన్ ఆలయం కట్టినప్పటి లెక్కల రాళ్లలో పౌరులు, పరదేశీ నివాసులు, బానిసలు పక్కపక్కన ఒకే పని చేసినట్టు నమోదై ఉంది. మరోవైపు ఏథెన్సు దగ్గరి లౌరియోన్ వెండి గనులున్నాయి. సేనాని నికియాస్ తన 1000 మంది బానిసలను త్రాకియా వాడైన సోసియాస్ అనేవాడికి తలకు రోజుకు ఒక ఓబోలు (చిన్న వెండి నాణెం) చొప్పున గనుల పనికి కిరాయికి ఇచ్చాడని జెనోఫోన్ రాశాడు. నాణేల పరీక్షకుణ్ణీ గని కూలీనీ ఒకే గాటన కట్టింది వాళ్ల బుద్ధిలోని పోలిక కాదు, అమ్మకపు పత్రం.

అరిస్టాటిల్‌కు ఇది తెలియకపోలేదు. స్వతంత్రుల దేహాలను నిటారుగానూ బానిసల దేహాలను మోతపనికి తగినట్టుగానూ వేరువేరుగా చేయాలని ప్రకృతి ఉద్దేశమని చెప్పి, వెంటనే, కాని చాలాసార్లు దీనికి తారుమారుగా జరుగుతుందని రాశాడు. దేహంలోని అందం కంటే ఆత్మలోని అందాన్ని గుర్తించడం కష్టమని కూడా అక్కడే అన్నాడు. అంటే ఎవడు ప్రకృతిసిద్ధ బానిసో చూసి చెప్పే గుర్తు ఏదీ లేదు. గుర్తు లేని వర్గీకరణ మీద మనుషులను కొనడం, అమ్మడం ఎలా న్యాయమవుతుందన్నదానికి జవాబు లేదు.

ఆరో అధ్యాయంలో యుద్ధఖైదీల ప్రసక్తి వస్తుంది. గెలిచినవాడిది ఓడినవాడి మీద హక్కు అనేవాళ్లు కూడా గ్రీకులను బానిసలనడానికి ఇష్టపడరని, ఆ మాట అనాగరికులకే (గ్రీకు రాని పరదేశీయులకు వాళ్లు పెట్టిన పేరు) వాడతారని, అంటే తమకు తెలియకుండానే వాళ్లు ప్రకృతిసిద్ధ బానిస కోసం వెతుకుతున్నారని ఆయన ఎత్తిచూపుతాడు. ఈ పేజీ చదివినప్పుడల్లా నాకు స్టాగిరా గుర్తుకు వస్తుంది. అది అరిస్టాటిల్ పుట్టిన ఊరు. మాసిడోనియా రాజు ఫిలిప్ దాన్ని నేలమట్టం చేశాడని, తర్వాత అరిస్టాటిల్ కోసం దాన్ని మళ్లీ కట్టించి, ప్రవాసంలోనూ బానిసత్వంలోనూ ఉన్న ఊరివాళ్లను తిరిగి రప్పించాడని జీవితచరిత్రలు రాసిన ప్లుటార్క్ చెప్పాడు. యుద్ధంలో ఓడితే ఎవరైనా బానిస కావచ్చునన్న సంగతి ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసినది కాదు.

ఇక ప్లేటో సంగతి. పరీక్షల పుస్తకాలు అరిస్టాటిల్‌ను పట్టుకొని ప్లేటోను వదిలేస్తాయి. కాని మీరు అడిగిన ప్రశ్నకు, నా అనుభవంలో, అన్నిటికంటే పనికొచ్చే పేజీలు 'మెనో' సంభాషణలో ఉన్నాయి. మనం నేర్చుకొనేదంతా ఆత్మకు ముందే తెలిసినదాన్ని జ్ఞాపకం తెచ్చుకోవడమేనని నిరూపించడానికి సోక్రటీస్, మెనో వెంట వచ్చిన పరిచారకుల్లో ఒక కుర్రాణ్ణి పిలవమంటాడు. అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఇతను గ్రీకువాడేనా, గ్రీకు మాట్లాడతాడా?" మెనో జవాబు, "ఆ, మా ఇంట్లో పుట్టినవాడే." తర్వాత గీతలు గీస్తూ పాఠం. భుజం 2 అడుగుల చదరం, వైశాల్యం 4. దీనికి రెట్టింపు, అంటే వైశాల్యం 8 ఉండే చదరం కావాలంటే భుజం ఎంత? కుర్రాడు తడుముకోకుండా 4 అంటాడు. గీసి చూస్తే 16 వస్తుంది. అయితే 3 అంటాడు. 9 వస్తుంది. అప్పుడు ఆగిపోయి, నిజంగా నాకు తెలియదు అంటాడు. సోక్రటీస్ మెనో వైపు తిరిగి, చూశావా, ఇప్పుడు ఇతను ముందుకంటే మెరుగైన స్థితిలో ఉన్నాడు, తెలియదని తెలుసుకున్నాడు అంటాడు. ఆ తర్వాత కర్ణం గీసి, దాని మీద కట్టిన చదరమే రెట్టింపని కుర్రాడే చెప్పేదాకా ప్రశ్నలతోనే నడిపిస్తాడు.

నేను దీన్ని నల్లబల్ల మీద గీసి చెప్పేవాణ్ణి. ఏటా నలుగురైదుగురు విద్యార్థులు కూడా మొదట 4 అనే చెప్పేవారు, తర్వాత 3 అనేవారు. అప్పుడు అడిగేవాణ్ణి, ఆ కుర్రాడు 4ను వదిలి 3 పట్టుకున్నప్పుడు, 3ను వదిలి తెలియదన్నప్పుడు చేసిన పని ఏమిటని. ఒక దారి వేసి చూసి, అది పొసగదని తేల్చుకొని, ఇంకొక దారి పట్టాడు. పర్యాలోచనకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉందా? అరిస్టాటిల్ అభిమానులు దీనికి ఒక అడ్డు చెప్పవచ్చు. ఆయన పర్యాలోచన అన్నది లెక్కల గురించి కాదు, ఎలా బతకాలన్న ఆచరణ గురించి. నిజమే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. కాని ఎలా బతకాలో నిర్ణయించుకొనే అవకాశమే ఇవ్వనివాడికి ఆ శక్తి లేదని ఎలా తెలుసుకున్నారు?

ఒక ఏడు వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి అడిగింది, "సార్, ఆ అబ్బాయి పేరేమిటి?" పుస్తకం తెరిచాను. పేరు లేదు. అన్నేళ్లుగా పాఠం చెబుతూ నేను ఆ సంగతి గమనించనే లేదు. మెనో పేరు ఉంది, కోపంతో మధ్యలో వచ్చి వెళ్లిపోయే అనైటస్ పేరు ఉంది. రేఖాగణితం చేసినవాడికి పేరు లేదు. పాఠం అయ్యాక ఆ కుర్రాడు మళ్లీ నోరు విప్పడు. ప్రతి ఆత్మలోనూ సత్యం ఉందని అప్పుడే ఒప్పుకున్నవాళ్లలో ఒక్కరికీ, అయితే ఇతను ఎందుకు బానిస అన్న ప్రశ్న రాలేదు.

అదే ప్లేటో 'లాస్'లో రెండు రకాల వైద్యులను చూపిస్తాడు. బానిసలకు వైద్యం చేసే బానిస వైద్యుడు రోగి జబ్బు గురించి ఏమీ చెప్పడు, ఏమీ అడగడు. అనుభవం మీద తోచిన మందు నియంతలా ఆజ్ఞాపించి మరో రోగి దగ్గరికి పరుగెత్తుతాడు. స్వతంత్రుల వైద్యుడు రోగితోనూ ఇంటివాళ్లతోనూ మాట్లాడి, కారణం వివరించి, ఒప్పించిన తర్వాతే మందు ఇస్తాడు. మరొక చోట ఈ రెండోవాణ్ణి చూసి మొదటివాడు నవ్వుతాడట, "పిచ్చివాడా, నువ్వు వైద్యం చేయడం లేదు, రోగికి చదువు చెబుతున్నావు" అని. హేతువు చెప్పించుకోవడం స్వతంత్రుడి హక్కు, చెప్పకుండా చేయించుకోవడం బానిస గతి. బానిసకు బుద్ధి లేకపోవడం ఇక్కడ కారణం కాదు. అతనికి కారణం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేకపోవడమే అతని బానిసత్వం. ప్లేటో ఈ మాట అనలేదు, కాని ఆయన గీసిన బొమ్మ ఇదే చెబుతుంది.

అప్పట్లో కాదన్నవాళ్లు. 'పాలిటిక్స్' మూడో అధ్యాయంలోనే అరిస్టాటిల్ స్పష్టంగా నమోదు చేశాడు. యజమాని, బానిస అన్న తేడా కేవలం కట్టుబాటు వల్ల వచ్చినదే, ప్రకృతిలో ఏ తేడా లేదు, కాబట్టి అది బలవంతం మీద ఆధారపడిన అన్యాయం అని కొందరు అంటున్నారని. వాళ్ల పేర్లు అక్కడ ఇవ్వలేదు. అలంకారశాస్త్రం మీద రాసిన గ్రంథంలో మాత్రం అల్కిడమాస్ అనే ఉపన్యాసకుణ్ణి ప్రస్తావించాడు. దేవుడు అందరినీ స్వతంత్రులుగా వదిలాడు, ప్రకృతి ఎవరినీ బానిసగా చేయలేదన్న అతని వాక్యాన్ని ఆ గ్రంథం మీది పాత వ్యాఖ్య మనకు కాపాడి ఇచ్చింది. స్పార్టా చేతిలో తరతరాలు మగ్గిన మెస్సీనియా ప్రజలు క్రీ.పూ. 370-369 ప్రాంతంలో విముక్తులైనప్పుడు వాళ్ల పక్షాన చెప్పిన మాట అది. ఆంటిఫోన్ అనే సోఫిస్టు (డబ్బు తీసుకొని వాదన నేర్పే గురువు), అందరం నోటితోనూ ముక్కుతోనూ ఊపిరి పీల్చుకుంటాం, పుట్టుకతో గ్రీకులకూ పరదేశీయులకూ తేడా లేదని రాశాడు. అది బానిసల గురించి నేరుగా అన్నది కాదు గాని, బానిసల్లో అత్యధికులు పరదేశీయులే అయిన నగరంలో ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి "ఆ కాలం అలాంటిది" అంటే అల్కిడమాస్ ఏ కాలంవాడు? అరిస్టాటిల్‌కు ఎదుటివాదం తెలుసు, దాన్ని తన పుస్తకంలో మొదటే పెట్టాడు, జవాబు చెప్పడానికే ఆ నాలుగైదు అధ్యాయాలు రాశాడు. ఆయన తప్పించుకోలేదు, వాదించాడు. వాదించినవాణ్ణి వాదంతోనే కొలవాలి. కాలం పేరు చెప్పి వదిలేయడం ఆయనకు కూడా మర్యాద కాదు.

తర్వాతి తరంలో స్టోయిక్కులు అనే తత్త్వవేత్తల సంప్రదాయంవారు ఈ నిర్వచనాన్ని మొదలంటా కొట్టిపారేశారు. బుద్ధి మనుషులందరిలో ఒకటే, అది విశ్వాన్ని నడిపే బుద్ధిలోని తునక అన్నారు. బానిస అంటే జీవితాంతం కూలికి కుదిరినవాడు మాత్రమే అన్నది వాళ్లలో ఒకడైన క్రిసిప్పస్ మాట. ఎపిక్టెటస్ విషయంలో ఇది పుస్తకపు మాట కూడా కాదు. అతను నేటి టర్కీలోని హియెరాపొలిస్‌లో పుట్టి, రోములో నీరో చక్రవర్తి దగ్గర పనిచేసిన ఎపఫ్రొడిటస్ అనేవాడికి బానిసగా ఉండి, తర్వాత నికోపొలిస్‌లో పాఠాలు చెప్పిన తత్త్వవేత్త. ఆ ఎపఫ్రొడిటస్ కూడా విముక్తుడైన బానిసే. ఒక శిష్యుడు, వేడినీళ్లు అడిగితే గోరువెచ్చనివి తెచ్చే బానిసను ఎలా ఓర్చుకోవాలి అని అడిగినట్టుంది. ఎపిక్టెటస్ ఆ అడిగినవాణ్ణే "బానిసా" అని పిలిచి, నీ సొంత సోదరుణ్ణి ఓర్చుకోలేవా, అతనూ జ్యూస్ సంతానమే కదా అంటాడు. నేను డబ్బిచ్చి కొన్నానే అంటే, నీ చూపు ఎటుందో చూసుకో, చచ్చినవాళ్లు పెట్టిన చట్టాల వైపు, దేవతల చట్టాల వైపు కాదు అంటాడు.

ఇంత దూరం వచ్చి స్టోయిక్కులు ఆగిపోయారు. బుద్ధి అందరికీ ఉంది కనుక నిజమైన స్వేచ్ఛ లోపలే ఉంది, సంకెళ్లు శరీరానికే అన్నారు. విముక్తి కోసం తపించిన బానిస, అది దొరికాక తిండికి దిక్కులేక మరింత దైన్యంలో పడి, చివరికి రోము సెనేటరై అందరికంటే నున్నని బానిసత్వంలో కూరుకుపోతాడని ఎపిక్టెటస్ చమత్కారంగా చెబుతాడు. బానిసత్వాన్ని చవిచూసినవాడు అన్నాడు కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసివేయలేను. కాని యజమాని చెవికి అది ఎంత హాయిగా వినిపిస్తుందో కూడా మరవలేను. తప్పు నిర్వచనం ఇచ్చిన అరిస్టాటిల్ బానిసత్వానికి హేతువు చూపాల్సిన బాధ్యత ఉందని ఒప్పుకున్నాడు. సరైన నిర్వచనం ఇచ్చినవాళ్లు ఆ బాధ్యతనే మాయం చేశారు. ఈ అభిప్రాయంతో నా సహాధ్యాపకులు కొందరు ఏకీభవించరు. స్టోయిక్కుల ప్రభావంతో రోమన్ చట్టం కొంత మెత్తబడిందని వాళ్ల వాదం.

గ్రీకులో బుద్ధినీ బానిసత్వాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి, యజమానిని నేరుగా నిలదీసినవాడు నాకు తెలిసినంతలో నిస్సా గ్రెగరీ, క్రీ.శ. 4వ శతాబ్దపు క్రైస్తవ బిషప్పు. బైబిలులోని ప్రసంగి గ్రంథంలో "దాసులను, దాసీలను కొన్నాను" అన్న వాక్యం మీద ఉపన్యాసమిస్తూ, ఎంతకు కొన్నావో చెప్పు, బుద్ధికి ఎంత వెల కట్టావు, దేవుని పోలికకు ఎన్ని ఓబోలులు లెక్కగట్టావు అని అడుగుతాడు. నికియాస్ లెక్క మళ్లీ ఒకసారి చూడండి, తలకు రోజుకు ఒక ఓబోలు.

అరిస్టాటిల్ నిర్వచనం గ్రీసుతో ముగిసిపోలేదు కూడా. 1550-51లో స్పెయినులోని వల్లాదోలిద్‌లో అమెరికా ఆదివాసుల గురించి జరిగిన వాదనలో, అంతకు రెండు మూడేళ్ల ముందే 'పాలిటిక్స్'ను లాటిన్‌లోకి అనువదించిన సెపుల్వెదా అనే పండితుడు అదే నిర్వచనాన్ని వాళ్లకు తగిలించాడు. ఆదివాసుల పక్షాన లాస్ కాసాస్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఎదిరించాడు. ఎదిరిస్తూ కూడా అతను నిర్వచనాన్ని కాదనడం కంటే అది వీళ్లకు వర్తించదని నిరూపించడానికే ఎక్కువ శ్రమపడాల్సి వచ్చింది.

మన వైపు మాట ఒకటి చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే పరీక్షల్లో ఇదీ అడుగుతారు. అరిస్టాటిల్ చనిపోయిన కొన్నేళ్లకు చంద్రగుప్తుడి దగ్గరికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్, భారతీయులందరూ స్వతంత్రులే, వాళ్లలో బానిసలు లేరని రాశాడు. అది నిజం కాదు. అర్థశాస్త్రంలో దాసుల గురించి విడిగా నియమాలున్నాయి. దాసులతోనూ కూలివాళ్లతోనూ సరిగా ప్రవర్తించమని చెప్పే అశోకుడి శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదే ఉన్నాయి. గ్రీకు గనుల బానిసత్వం ఇక్కడ కనిపించకపోవడంతో అతను పొరబడి ఉండవచ్చు.

పరీక్షలో రాయాల్సి వస్తే, "బుద్ధి లేదు" అని రాయకండి. "బుద్ధిని గ్రహించగలడు, కాని పర్యాలోచన శక్తి లేదు" అని రాసి, దానికి 'పాలిటిక్స్' మొదటి భాగం 5, 13 అధ్యాయాలు చూపండి. విమర్శకు 13వ అధ్యాయంలో బానిసలకు నచ్చజెప్పడం గురించిన వాక్యాలు చాలు. చదవడానికి వీలుంటే 3 నుంచి 7 వరకూ, తర్వాత 13 వరసగా చదవండి. అన్నీ కలిపి పదిహేను పేజీలు మించవు. నీతిశాస్త్రం ఎనిమిదో భాగం 11వ అధ్యాయం కూడా చూడండి. బానిసతో బానిసగా స్నేహం కుదరదు గాని మనిషిగా కుదురుతుందని అక్కడ అంటాడు. ఏది మనిషో ఏది బానిసో ఒకే దేహంలో ఎలా విడదీయాలో మాత్రం చెప్పడు.

చివరగా ఆయన వీలునామా. తత్త్వవేత్తల జీవితాలు రాసిన డయోజెనీస్ లయెర్షియస్ దాన్ని కాపాడాడు. అంబ్రాకిస్ అనే బానిస స్త్రీకి విముక్తి ఇవ్వాలని, తన కూతురి పెళ్లినాటికి ఆమెకు 500 ద్రాక్మాలూ ఇప్పుడు ఆమె దగ్గరున్న పరిచారికనూ ఇవ్వాలని, తనకు సేవ చేసిన పిల్లల్లో ఒక్కరినీ అమ్మకూడదని, వయసు వచ్చాక తగినవారిని విడుదల చేయాలని అందులో ఉంది. 'పాలిటిక్స్' ఏడో భాగం పదో అధ్యాయంలో కూడా, బానిసలందరికీ స్వేచ్ఛను బహుమానంగా ముందు పెట్టడం ఎందుకు మేలో తర్వాత చెబుతానన్నాడు. పుట్టుకతోనే పర్యాలోచన లేనివాడికి స్వేచ్ఛ బహుమానం ఎలా అవుతుందో ఆ చోట తెలుస్తుందని నేను చాలా వెతికాను. మనకు అందిన గ్రంథంలో ఆ "తర్వాత" ఎక్కడా లేదు.